ఛార్జి కాగితమున కెక్కని ఊరు

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రముల పురపాలక శాఖామాత్యులకు బహిరంగ లేఖ

మహాశయులారా,

ముప్పదియొక్క సంవత్సరములు పురపాలక కొలువు చేసి, రెండు రాష్ట్రములు ఒక్కటిగా నున్న కాలమున కృష్ణకు ఈవల కొన్ని, ఆవల కొన్ని, మొత్తము పదునాలుగు ఊళ్లు తిరిగి, తుదకు ఒక చిన్న ఇంటి వరండాలో పడక కుర్చీకి చేరిన వాడను. పింఛను గురించి గాని, కరవు భత్యపు బకాయిల గురించి గాని తమకు విన్నవింప బూనలేదు. అందులకు సంఘములున్నవి, వారు వ్రాయుచునే యున్నారు. నేను వ్రాయబూనినది కమిషనర్ల చదువును గూర్చి. ఉద్యోగమునకు ముందు పరీక్షలకై చదివిన చదువు కాదు. ఉద్యోగమున చేరి, జుట్టు నెరసి, పెద్ద ఊళ్ల బరువు నెత్తి కెత్తుకొన్న పిదప సాగవలసిన చదువు. అది తమ శాఖలో ఏ సెక్షనునకు చెందునో నేను ఎన్నడును తెలిసికొనలేక పోతిని.

మొదట ఒక సంగతి మనవి చేసెదను. ఒక మూడవ గ్రేడు పురపాలక సంఘమున నేను ఛార్జి తీసికొన్న నాడు, నా ముందరి కమిషనరు సామానుల లారీ అప్పటికే గేటు ముందర నిలిచియున్నది. ఛార్జి సర్టిఫికెట్టన నేమో తమకు తెలియకపోవచ్చును. అది అరఠావు కాగితము. నగదు పుస్తకపు నిలువ ఇంత, బీరువా తాళపు చెవులు ఇన్ని, జీపు లాగ్‌బుక్కు ఒకటి అని వ్రాసి, నాలుగు ప్రతుల మీద ఇరువురము సంతకములు చేసితిమి. కాఫీ త్రాగుచు ఆయన, "ఊరు మంచిదేనండీ, కౌన్సిలుతో కొంచెం జాగ్రత్త" అని పలికి, గ్లాసు బల్లమీద పెట్టి లేచిపోయెను. ఏబది వేల జనము గల ఊరిని గూర్చి నాకు సంక్రమించిన విజ్ఞాన సర్వస్వము ఆ ఐదు మాటలే.

తొమ్మిదవ నాడు రెండు వార్డులకు నీరు నిలిచిపోయెను. పంపుహౌసు నడచుచునే యున్నది, ఓవర్‌హెడ్ ట్యాంకు నిండియే యున్నది, గొట్టము ఎచ్చటను పగులలేదు. కుళాయి త్రిప్పిన మాత్రము గాలి తప్ప వేరొకటి రాదు. రెండవ రోజు ఉదయమునకు ఆడవారు బిందెలు తెచ్చి నడివీధిలో వరుసగా పేర్చి బస్సులను నిలిపివేసిరి. మా అసిస్టెంటు ఇంజనీరు ఆ ఊరికి వచ్చి మూడు మాసములే. ఆఫీసులోని పైపులైన్ల పటమును తీసి విప్పగా, ఆ రెండు వార్డులుండవలసిన చోట చెదలు తొలిచిన రంధ్రములుండెను. అప్పుడు మా అటెండరు చెవిలో చెప్పినట్లు, "పాత టర్న్‌కాక్ ఉన్నాడు సార్, రిటైరై ఆరేళ్లయింది, బతికే ఉన్నాడు" అనెను.

వీధి గొట్టముల వాల్వులు త్రిప్పి నీరు వదలువానినే టర్న్‌కాక్ అందురు. జీపు వేసికొని వెళ్లితిమి. నులక మంచము మీద కూర్చున్న ఆ వృద్ధుడు మా మాట విని చొక్కా తొడుగుకొనుటకైనను ఆగక, తువాలు భుజమున వేసికొని వచ్చెను. రామాలయపు ధ్వజస్తంభమునకు వీపు ఆనించి నిలిచి, రేషను దుకాణము వైపు తిరిగి, లెక్కపెట్టుచు పదునేడు అడుగులు నడచి, మడమతో నేలను తట్టి, "ఇక్కడ తవ్వండయ్యా" అనెను. ఆ మడమ క్రింద నున్నది రెండేండ్ల క్రిందట మా సంఘమే సొమ్ము పోసి వేయించిన సిమెంటు రోడ్డు. పగులగొట్టి మూడడుగులు త్రవ్వగా స్లూయిస్ వాల్వు కనబడెను. దాని గేటు ఊడి క్రిందికి జారి దారిని మూసివేసియున్నది. సాయంకాలము దీపాలవేళకు కుళాయిలు తెరచుకొన్నవి. ఇంతకాలము ఈ సంగతి ఎవ్వరికిని చెప్పలేదేమని నేను అడుగగా ఆయన నవ్వి, "అడిగితే చెప్పేవాణ్ణే గదండీ" అనెను.

ఆ రాత్రియే ఒక నోటుపుస్తకము కొని, ధ్వజస్తంభమును, పదునేడు అడుగులను అందులో వ్రాసితిని. అచ్చట నున్న రెండేండ్లలో అట్టి సంగతులు అరువది పుటలు నిండినవి: ఏ కాలువ ఏ వానకు పొంగును, ఏ వీధి స్థలము మీద కోర్టు వ్యాజ్యము నడచుచున్నది, శ్మశానమునకు దారి విషయమై ఏ రెండు వీధుల వారికి పాత తగవు కలదు, సంత వేలమున ఎవరెవరు కూడబలుకుకొందురు. బదిలీ అయిన నాడు దానిని నా తరువాతి వాని చేతిలో పెట్టితిని. ఆయన ఎంతో గౌరవముతో దానిని బీరువాలో పెట్టి తాళము వేసెను. ఇతరుల మీద నెపము వేయుట నా ఉద్దేశము గాదు. తరువాతి ఊరికి పోయినప్పుడు, అట్టి పుస్తకమేదైనను కలదా యని నేనును నా ముందరి వానిని అడుగలేదు. అడుగవలెనను తలంపే పుట్టలేదు. అడుగు ఆచారము మా కొలువులో లేదు.

భీమునిపట్నమునకు 1861లోనే పురపాలక సంఘము ఏర్పడిన తెలుగునేల మనది. నూట అరువది యేండ్లకు పైబడిన ఆ అనుభవమంతయు ఇప్పుడెచ్చట నున్నదని ఎవరైనను అడిగినచో, కొంత రికార్డు గదిలో ఎలుకల పాలైనదనియు, కొంత రిటైరైన టర్న్‌కాక్‌ల మడమలలో నున్నదనియు తప్ప వేరు జవాబు నాకు తోచుట లేదు.

రాజ్యాంగపు డెబ్బది నాలుగవ సవరణ 1993 జూన్ 1న అమలునకు వచ్చినప్పుడు, పండ్రెండవ షెడ్యూలున పదునెనిమిది విషయములను పట్టణ సంస్థల కొఱకు వ్రాసిరి. నగర ప్రణాళిక మొదలు కబేళా వరకు, మురికివాడల మెరుగుదల మొదలు జనన మరణముల నమోదు వరకు అందులో నున్నవి. ఇన్నింటికిని ఊరిలో జవాబుదారి యొక్కడే. వాడెట్లు వచ్చును? గ్రూపు-1 వ్రాసి రెండవ గ్రేడు కమిషనరుగా వచ్చును, గ్రూపు-2 వ్రాసి మూడవ గ్రేడుగా వచ్చును, గుమాస్తాగా చేరి మేనేజరై, మెట్టు మెట్టుగా నెక్కి వచ్చును, వేరొక శాఖనుండి డెప్యుటేషను మీద వచ్చును, కార్పొరేషనులకైనచో మస్సోరీలో శిక్షణ పొందిన ఐ.ఎ.ఎస్. వచ్చి, వీధుల పేర్లు నోటికి వచ్చులోపల కలెక్టరై వెడలును. వీరిలో ఎవ్వరును నగరమనెడి వస్తువును నేర్చుకొని వచ్చిన వారు కారు. నేనును కాను, నాది చరిత్రలో ఎం.ఎ.

శిక్షణ సంస్థలు లేవని నా అభియోగము కాదు. హైదరాబాదున బెల్లా విస్టా భవనమున 1956 నాటి అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ కలదు. ఉస్మానియా విశ్వవిద్యాలయమున పట్టణ, పర్యావరణ అధ్యయనములకై 1970 నుండియు ఒక ప్రాంతీయ కేంద్రము కలదు. పెద్దల ఉపన్యాసములు విని నేను లాభపడని వాడను గాను. అయినను, శిక్షణ యనునది మా ఆఫీసులకు ఏ రూపమున వచ్చునో తమరు చూచియుండరు. ముందునాటి సాయంకాలము నామినేషను వచ్చును. కమిషనరున కా మరునాడు కౌన్సిలు సమావేశమో, సమీక్షయో యుండును. ఆఫీసులో ఎవరు లేకున్నను పని ఆగదో వారిని పంపుదురు. వెళ్లినవానికి ఒక సంచి, ఒక పుస్తకము, ఒక కలము ఇత్తురు. తెరమీద బొమ్మలు చూపుదురు. రెండవనాడు మెట్లమీద నిలువబెట్టి ఫొటో తీయుదురు. ఇప్పుడు అంతర్జాలపు పాఠములును వచ్చినవి. కమిషనరు పేర కంప్యూటరు ఆపరేటరు భోజనవేళలో పూర్తిచేసిన పాఠములను నేనెరుగుదును.

నాకు నిజముగా చదువబ్బిన చోటు మరియొకటి. అది తేనీటి విరామము. ఒకమారు అట్టి విరామమున, చేతిలో బిస్కత్తు పట్టుకొని నిలిచిన ఒక కమిషనరు, తన ఊరిలో ఖాళీ స్థలముల పన్ను ఎట్లు రాబట్టెనో మాటవరుసకు చెప్పెను. సబ్‌రిజిస్ట్రారు కార్యాలయమునుండి మూడేండ్ల దస్తావేజుల పట్టీ తెప్పించి, దానిని తన డిమాండు రిజిస్టరు ప్రక్కన పెట్టి, ఇద్దరు బిల్లు కలెక్టర్ల చేత సర్వే నంబరు వెంబడి సర్వే నంబరు పోల్చి చూపించెనట. ఊరిలో చేతులు మారిన స్థలములలో సగము అతని రిజిస్టరులోనే లేవట. పది నిమిషముల మాట అది. నేను తిరిగివచ్చి అదే చేసితిని, మా ఊరిలోను అదే కనబడెను. గంట మ్రోగగా మేము లోపలికి పోయి, సుస్థిర నగరాభివృద్ధిని గూర్చిన ఉపన్యాసమును కడవరకు వింటిమి. దానిలో నొక్క వాక్యమును నాకిప్పుడు జ్ఞాపకము లేదు.

ఇచ్చట నేను చెప్పదలచిన అసలు మాట వచ్చుచున్నది. కమిషనరు ఊరిలో నందరికంటెను ఒంటరి. కౌన్సిలు ముందర తనకు తెలియదన్నచో అలుసు. క్రింది ఉద్యోగి ముందర తెలియదన్నచో లోకువ. పై అధికారి ముందర తెలియదన్నచో అసమర్థత. కాంట్రాక్టరు ముందర తెలియదన్నచో ఇక చెప్పనే యక్కరలేదు. "నాకిది తెలియదు, నీవేమి చేసితివి?" అని అడుగదగినవాడు లోకమున ఒక్కడే: తనవంటి మరియొక ఊరి కమిషనరు.

నా ఊళ్లలో నొకదాన పారిశుద్ధ్య కార్మికుల సమ్మె ఐదవ నాటికి చేరినది. ఆషాఢపు ముసురులో కూరగాయల మార్కెట్టు ముందరి కుప్ప దుకాణపు తలుపుల యెత్తున లేచినది. తెల్లవారగానే నేనే చీపురు పట్టి వీధిలోనికి దిగెదనని, పత్రికలవారికి కబురు పంపుమని మేనేజరుతో చెప్పి, రాత్రి పదునొకండు గంటలకు, ఏమీ తోచక, నాతో కూడ ఎంపికైన యొక మిత్రునికి ఫోను చేసితిని. ఆయన ఆవులించుచు, "చీపురు నువ్వు పట్టుకుంటే ఫొటో వస్తుంది గానీ చెత్త పోదురా. పొద్దున్నే కాంట్రాక్టరు పీఎఫ్ చలాన్లు తెప్పించి చూడు. మా ఊళ్లో రోగం అక్కడే దొరికింది" అనెను. తెప్పించితిని. ఐదు మాసములుగా కార్మికుల జీతములనుండి కోసిన సొమ్ము ఎచ్చటను జమ కాలేదు; జమయైనట్లు చూడకయే బిల్లులు పాసు చేసినది మా కార్యాలయము, తుది సంతకము నాది. కార్మికులు జీతము పెంపని వ్రాసి యిచ్చిన కోరికల పట్టీలో ఈ మాట ఆరవది. వారి కడుపు మంట మాత్రము అదియే. కాంట్రాక్టరు తరువాతి బిల్లు నాపి, ఆ సొమ్ము కట్టించి, చలాన్ల నకళ్లు మస్టరు గది తలుపునకు అంటించితిని. మూడవ నాడు బండ్లు కదలినవి. ఆ ఫోను నంబరు నాయొద్ద లేకున్నచో? ఉండుట కేవలము యాదృచ్ఛికము. ఏ ప్రభుత్వమును నాకా మిత్రుని ఏర్పరుపలేదు.

ఇతర దేశములలో ఈ యాదృచ్ఛికమును ఒక వ్యవస్థగా మలచుకొనిరి. 1908 సెప్టెంబరులో మూసీ పొంగి హైదరాబాదును ముంచివేసిన యేడే, అమెరికాలో వర్జీనియా సీమలోని స్టాంటన్ అను చిన్న పట్టణము, ఊరి పనులు చూచుటకు ఒక నిర్వాహకుని జీతమిచ్చి నియమించుకొన్నది. అయిదేండ్లకు, 1913 మార్చిలో, ఒహాయో రాష్ట్రపు డేటన్ నగరము వరదలో మునిగెను; మునిగి లేచిన ఆ నగరము తన పరిపాలన పద్ధతినే మార్చుకొని, ఎన్నికైన కౌన్సిలు క్రింద నిర్వాహకుని నిలిపినది. మన వరద మోక్షగుండం విశ్వేశ్వరయ్యను, 1912 నాటి నగరాభివృద్ధి సంస్థను, గండిపేట చెరువును మన కిచ్చినది. వారి వరద వారికి ఒక వృత్తినే యిచ్చినది. ఆ వృత్తివారు కొద్దిమంది 1914లో స్ప్రింగ్‌ఫీల్డ్ అను ఊరిలో కూడి సంఘముగా నేర్పడిరి. 1924లో తమ నడవడికి తామే ఒక నియమావళి వ్రాసికొనిరి. నేడది అంతర్జాతీయ సంస్థ. దాని యోగ్యతాపత్రము నిలుపుకొనదలచినవాడు ఏటా కనీసము 40 గంటలు తన విద్యను పెంపొందించుకొన్నట్లు చూపవలెను.

వారి ఏర్పాటులలో నా మనసును మిక్కిలి పట్టుకొన్నది వేరొకటి. పశ్చిమ సీమల పచ్చిక బయళ్లలో, దూరదూరముల నున్న మందలను, కంచెలను చూచుకొనుచు గుఱ్ఱముల మీద ఒంటరిగా తిరిగెడి కాపరులను ఆ దేశమున రేంజ్ రైడర్లందురు. ఆ పేరే పెట్టి, పదవీ విరమణ చేసిన నిర్వాహకులను, 1970ల దశకము నుండి, ఉద్యోగములలో నున్న వారి యొద్దకు పంపుచున్నారు. ముసలివాడు వచ్చును, జీతము లేదు, దారిఖర్చులే, తనిఖీ చేయడు, నివేదిక వ్రాయడు. కౌన్సిలుతో చిక్కు వచ్చినవానితోను, ఉద్యోగము పోయి క్రుంగినవానితోను కూర్చుండి కాఫీ త్రాగి, విని, తనకు తోచినది చెప్పి, తన దారిన పోవును.

వారిది వేరు, మనది వేరు అని తమ కార్యదర్శులు ఫైలు మీద వ్రాయగలరు. అందు నిజమును కలదు. వారి నిర్వాహకుని కౌన్సిలే నియమించును, కౌన్సిలే తీసివేయును. కావున సంఘమే వానికి గొడుగు. మనవాడు సర్కారు ఉద్యోగి, తీసివేయరు, బదిలీ చేయుదురు. అయినను గుజరాతువారు 1997లోనే అహమ్మదాబాదు కేంద్రముగా నగర నిర్వాహకుల సంఘమును నెలకొల్పుకొనిరి. అంతకు మూడేండ్ల ముందు, 1994 సెప్టెంబరున, సూరతున ప్లేగు చెలరేగి జనము రైళ్లెక్కి పారిపోయినది. మరుసటి యేట అచ్చటికి కమిషనరుగా పోయినవాడు సూర్యదేవర రామచంద్రరావు, తెలుగు ఇంటిపేరే. ఆయన అధికారులను ప్రతిదినమును ఉదయము వీధులలో నిలిపెను, తన అధికారములను మండలముల కమిషనర్లకు పంచెను. ఏడాదిన్నర లోపలనే ఆ నగరము దేశమున శుభ్రతకు పేరు మోసెను. దీనిని మనవారందరు పుస్తకములలో చదివిరి. పంచిన అధికారమును తప్పుగా వాడిన మొదటివాని నేమి చేయవలెనో పుస్తకములో నుండదు. ఆయన ప్రక్కన పనిచేసినవానిని అడిగిననే తెలియును. నాడు మదరాసు చెంత వేరు పురముగా నుండిన ఆలందూరున, భూగర్భ మురుగు కాలువల కొఱకు, గుంత త్రవ్వక ముందే ఇంటికి 5,000 రూపాయల చొప్పున జనము డిపాజిట్టు కట్టిరి. ఎట్లు కట్టిరి? ఏ వీధి మొదట ఒప్పుకొన్నది, ఏ వీధి తుదివరకు మొరాయించినది? మన సూర్యాపేట ఈ శతాబ్దపు ఆరంభముననే చెత్తకుండీలు లేని ఊరని పేరొంది దూరప్రాంతములవారికి పాఠమైనది. దాని పొరుగు ఊళ్లవారిలో ఎందరు తెల్లవారుజామున పోయి ఆ బండ్ల వెంట నడచిరి?

అధ్యయన యాత్రలు మాత్రము మనకు కొదువ లేదు. ఒక బస్సు, ముప్పది మంది, కంపోస్టు యార్డు వద్ద అరగంట, ముక్కుమీద రుమాలు, పిదప దైవదర్శనము, చీరల బజారు. నేనును పోయితిని, నేనును చీరలు కొంటిని.

కావున నేను కోరునది స్వల్పము. 2014 జూన్ 2వ నాటికి మా కొలువు రెండుగా చీలెను. ఒకే గదిలో పరీక్ష వ్రాసినవారు చెరియొక రాష్ట్రమున చిక్కుకొనిరి. అప్పటివరకు ఇరువురికిని 1965 నాటి చట్టమొక్కటే. పిదప తెలంగాణము 2019లో కొత్త చట్టము చేసికొని, భవనముల అనుమతులను స్వయం ధ్రువీకరణ పద్ధతికి మార్చినది. ఆంధ్రప్రదేశము అదే యేట వార్డు సచివాలయములు పెట్టి, 2021లో ఆస్తిపన్నును అద్దె విలువనుండి మూలధన విలువకు మార్చినది. ఒకే కుండలోని పిండి రెండు పొయ్యిల మీద వేరువేరుగా వండబడుచున్నది. ఒకరి వంటను మరొకరు రుచి చూచుటకు మాత్రము దారి లేదు. స్వయం ధ్రువీకరణలో అబద్ధము వ్రాసినవాని గోడ పడగొట్టబోయినప్పుడు ఏమి జరిగెనో విజయవాడవాడు వరంగల్లువానిని అడుగవలెను. పన్ను లెక్క మారిన యేట ఆఫీసు ముందర నిలిచిన జనమునకు ఏమి చెప్పి పంపెనో వరంగల్లువాడు విజయవాడవానిని అడుగవలెను. ఉభయ రాష్ట్రముల కమిషనర్లు ఏటికి నాలుగుమార్లు, ప్రతిసారి వేరొక ఊరిలో, కూడుటకు ఉత్తరువు లిండు. హోటలు వలదు. తెల్లవారుజామున అయిదు గంటలకు పారిశుద్ధ్యపు మస్టరు దగ్గర మొదలుపెట్టి, పగలు పంపుహౌసు, యార్డు చూచి, సాయంకాలము తలుపులు మూసికొని మాటలాడుకొందురు. అచ్చట పలికిన మాట ఏ నివేదికలోనికిని రాకూడదు. ఇంకొక మనవి, అపరాధముగా భావింపకుడు: ఆ సభలకు తమరును రావలదు. తమరు వచ్చినచో దండలు వచ్చును, దండలు వచ్చినచో నిజము లేచి వెడలిపోవును.

ఛార్జి అరఠావు కాగితముతో ముగియరాదు. వచ్చువాడును పోవువాడును ఏడు దినములు ఊరిలో కలిసి తిరుగవలెను; తిరిగి, ఊరి పుస్తకము వ్రాసి, ఇరువురును సంతకము చేయవలెను. ఆ ఏడు దినముల జీతము రెండు మార్లు పడునని ఆర్థికశాఖ ఆక్షేపించును. ఒక్క సిమెంటు రోడ్డును పగులగొట్టి మరల వేయుటకు ఎంతగునో వారిని లెక్క వేయుమనుడు. కమిషనరును ఒకే ఊరిలో కనీసము కొన్ని యేండ్లు ఉంచవలెనను మాట నేను ఎత్తను, ఎత్తినవారందరును అలసిరి.

ఇక ముసలివారము. రెండు రాష్ట్రములలోను వందలకొలది మంది వరండాలలో కూర్చుండి పత్రికలు చదువుచున్నాము. సలహాదారు పదవులు వలదు. కారు, గది, పేరు పలక వలదు. బస్సు చార్జి, ఒక పూట భోజనము చాలును. కుఱ్ఱ కమిషనరు పిలిచినప్పుడు పోయెదము, పిలువనిచో పోము.

ఈ లేఖ వ్రాయుటకు కారణమైన సంగతి కడపట చెప్పుచున్నాను. గత మాసమున పెండ్లికి పోవుచు ఆ మొదటి ఊరి మీదుగా వెళ్లవలసి వచ్చి, పాతవీధి కూడలిలో బస్సు దిగితిని. టర్న్‌కాక్ పోయి చాల యేండ్లయినదట. రామాలయమును పునర్నిర్మించినారు, ప్రాంగణము పెంచి, ధ్వజస్తంభమును కొత్తచోట ప్రతిష్ఠించినారు. రేషను దుకాణము లేదు, దాని చోట సెల్‌ఫోనుల అంగడి యున్నది. పాత స్తంభపు పీఠముండిన చోటు ఇప్పుడు చెప్పులు విడుచు అరుగు క్రింద పడినదని పూజారి చూపగా, అచ్చటనుండి అంగడివైపు నడచి చూచితిని. నా అడుగు ఆయన అడుగంత లేదు, రెండు మార్లు రెండు చోట్లకు చేరితిని. పురపాలక కార్యాలయమునకు పోయితిని. కమిషనరుగారు వీడియో కాన్ఫరెన్సులో నున్నారనిరి. నలువది నిమిషములు కూర్చుంటిని. పిమ్మట ఒక చీటీ మీద, చెప్పుల అరుగు, సుమారు పదునేడు అడుగులు, మూడడుగుల లోతు, స్లూయిస్ వాల్వు అని వ్రాసి, నా ఫోను నంబరు వేసి, అటెండరు చేతి కిచ్చితిని. అతడు దానిని చదివి, నన్నొకమారు ఎగాదిగా చూచి, టపాలలో పెట్టెను. నా బస్సునకు వేళయైనది.

ఇట్లు,
భవదీయుడు,
ఒక విశ్రాంత పురపాలక కమిషనరు